వర్డ్‌లో భిన్నం ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఎందుకు పడుతోంది?

ఒకే భిన్నాన్ని ఒకేలా కొట్టినా ఒకచోట లవం పైన, హారం కింద పడుతోంది, ఇంకోచోట 1/3 అని అడ్డంగానే ఉండిపోతోంది, సాఫ్ట్‌వేర్ పాడైందా అని అడిగారు. పాడవలేదండీ. కావలిలో పిల్లలకు లెక్కలు చెబుతూ, ప్రశ్నపత్రాలు దగ్గరుండి కొట్టించిన అనుభవంతో చెబుతున్నాను.

ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ నొక్కితే ఈక్వేషన్ పెట్టె వస్తుంది. అందులో 1/3 కొట్టి స్పేస్ ఇస్తేనే నిలువు భిన్నం అవుతుంది. వెంటనే ప్లస్ కొట్టినా అవుతుంది. ఏదీ కొట్టకుండా వదిలేస్తే అడ్డంగానే ఉంటుంది. పెట్టె బయట, మామూలు వాక్యంలో అయితే 1/2, 1/4, 3/4 మాత్రమే బుల్లి ½, ¼, ¾ అయిపోతాయి. 1/3 అవ్వదు, అది ఆటోకరెక్ట్ (కొట్టినదాన్ని వర్డ్ తనంతట తానే మార్చేసే) సెట్టింగు. వరుసలో పక్కన మాటలుంటే భిన్నం చిన్నదవుతుంది, ఒంటరిగా ఉంటే పెద్దగా కనిపిస్తుంది. మీరడిగిన దానికి జవాబు ఇంతే.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఒక ప్రైవేటు స్కూల్లో యూనిట్ టెస్టు. 12, 18ల సగటు లెక్క. మాస్టారు కాగితం మీద 12+18 రాసి, రెండింటి కిందా పొడుగ్గా గీత గీసి, దాని కింద 2 వేశారు. ఆ కాగితం ప్రశ్నపత్రం టైపు చేసే డీటీపీ షాపుకి ముందురోజు రాత్రి చేరింది. పరీక్ష తేదీ ఎప్పుడో తెలిసినా అన్ని స్కూళ్లూ అంతే, డీటీపీ వాళ్ల నిద్ర ఎవరికీ పట్టదు. షాపు కుర్రాడు ఈక్వేషన్ పెట్టెలో 12+18/2 కొట్టి స్పేస్ ఇచ్చాడు. 18 ఒక్కటే 2 మీదికెక్కింది. భిన్నం చక్కగా నిలబడింది కదా అని ప్రింటు తీసేశాడు.

మర్నాడు హాల్లో ఇన్విజిలేషన్ నాదే. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, సగటు 21 వస్తా ఉంది. రెండు సంఖ్యల సగటు ఆ రెండిటికన్నా పెద్దది ఎట్టా అవద్ది సార్?" చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే 21 వేసి పక్క లెక్కకి పోయారు. ఆ పిల్లకి అక్కడికక్కడే వందకి వంద వేయాలనిపించింది.

సాయంత్రం షాపుకెళ్తే కుర్రాడు బెదిరిపోయాడు. "కాగితంలో ఉండేదే కొట్టాను గదా సార్" అన్నాడు. నిజమే. కాగితం మీద ఆ పొడుగు గీతే బ్రాకెట్ పని చేస్తుంది. నోటితో చెప్పేటప్పుడు "హోల్ బై టూ" అంటాం, ఆ హోల్ బ్రాకెట్ పని చేస్తుంది. కీబోర్డు మీద ఏటవాలు గీటు (/) కొట్టేసరికి రెండూ పోతాయి. గీటుకి ఆనుకుని ఉన్నదాన్నే వర్డ్ ఈక్వేషన్ ఎడిటర్ లవంగా తీసుకుంటుంది. ఫోన్ కాలిక్యులేటర్‌లో 12+18÷2 కొట్టి చూడండి, అక్కడా 21 వస్తుంది. (12+18)/2 కొట్టి స్పేస్ ఇస్తే మొత్తం పైకెళ్తుంది, బ్రాకెట్లు మాయమవుతాయి. మాయమయ్యాయని మళ్లీ పెట్టకండి. అవి కనబడి తీరాలంటే రెండు జతలు పెట్టాలి.

వర్డ్‌లో ఇదివరకు ఉండే పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0 మేలని సీనియర్ మాస్టార్లు అంటారు. అందులో భిన్నం గడులు ముందే తెరిచి పైనా కిందా నింపేవాళ్లం. భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని 2018 జనవరిలో తీసేసింది. అలాంటి గడులు ఇప్పటి ఎడిటర్‌లోనూ ఉన్నాయి, కానీ పిల్లలకి నేను వాటిని చూపించను. గీత లేకుండా ఒక్క వరుసలో రాయడమే ముందు నేర్పాలి. వర్గ సమీకరణ సూత్రాన్ని అలా రాయమనండి, ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది. పదో తరగతిలో కూడా చాలామంది మైనస్ బిని బయట వదిలేసి వర్గమూలాన్ని మాత్రమే 2ఏ మీద పెడతారు. లవం మొత్తానికి బ్రాకెట్ పడాలి, (-b±√(b²-4ac))/2a అని. కాలిక్యులేటర్‌లో కొట్టేటట్టయితే హారంలోని 2ఏకి కూడా పడాలి.