సున్నా చుట్టడం వస్తే సగం పెన్ టూల్ వచ్చినట్టే

చిన్నీ,

నువ్వు పంపిన పీఎస్‌డీ, అదే ఫోటోషాప్ ఫైల్, తెరిచి చూశాను. పెన్ టూల్‌తో ఫోటోలోంచి విడదీసిన పెళ్లికూతురి కటౌట్ దూరం నుంచి బాగానే ఉంది, కానీ పాత్, అంటే పెన్‌తో చుట్టూ గీసిన గీత, ఆన్ చేసేసరికి ఒక్క భుజం దగ్గరే ఇరవై పైచిలుకు పాయింట్లు, జూమ్ చేస్తే అంచంతా గతుకులు. వంపు కుదరట్లేదని మధ్యలో ఇంకో పాయింట్ పెట్టావు, అదీ కుదరక దాని పక్కన మరోటి. కొత్తలో అందరూ చేసేదే ఇది. ఆ భుజానికి మూడు చాలమ్మా: మెడ పక్కన ఒకటి, భుజం తిరిగే చోట ఒకటి, చేయి బాగా బయటికి వచ్చిన చోట ఒకటి.

గీత ఎక్కడి నుంచి వెళ్లాలో పాయింట్ చెబుతుంది. ఎటు వంగాలి, ఎంత విశాలంగా తిరగాలి అనేది మొత్తం హ్యాండిల్స్ చేతిలో ఉంటుంది, అదే, క్లిక్ చేసి లాగితే పాయింట్‌కి రెండు వైపులా వచ్చే సన్నటి పుల్లలు. మెలికల ముగ్గులో గీత చుక్కని తాకకుండా పక్క నుంచి తిరుగుతుంది చూడు, హ్యాండిల్ చివర కనబడే చుక్క అలాంటిది. గీత దాని వైపు వంగుతుంది గానీ అక్కడిదాకా పోదు. ఇది అర్థం కాకుండా ఎన్ని వీడియోలు చూసినా చేయి తిరగదు.

అందుకని ఫోటోలు కొన్నాళ్లు పక్కన పెట్టి తెలుగు అక్షరాల మీద పడు. మన అక్షరాలంటేనే వంపులు, ఇంతకంటే మంచి ప్రాక్టీసు ఎక్కడా దొరకదు. మొదట సున్నా. పెద్ద సైజులో టైప్ చేసి, ఒపాసిటీ తగ్గించి, లేయర్ లాక్ చేసెయ్. ఎలిప్స్ టూల్‌తో క్షణంలో వస్తుంది కదా అంటావేమో, వస్తుంది, నీ చేతికి మాత్రం ఏమీ రాదు. పీ కీ నొక్కి, పైన ఆప్షన్స్ బార్‌లో షేప్ అని ఉంటే పాత్‌కి మార్చుకో, లేకపోతే గీస్తుండగానే లోపల రంగు నిండిపోయి కింద బొమ్మ కనబడకుండా పోవచ్చు. ఇప్పుడు సున్నా నెత్తిన సరిగ్గా మధ్యలో క్లిక్ చేసి, వేలు తీయకుండా, షిఫ్ట్ పట్టుకుని కుడివైపుకి లాగు. తర్వాత కుడి అంచు మధ్యలో క్లిక్ చేసి కిందికి లాగు, అడుగున ఎడమకి, ఎడమ అంచున పైకి. ఎప్పుడూ గీత వెళ్లాల్సిన వైపుకే లాగాలి. తిరిగి మొదటి పాయింట్ మీదికొస్తే కర్సర్ పక్కన చిన్న గుండ్రం కనబడుతుంది, అక్కడ కూడా కుడివైపుకి లాగుతూ మూసెయ్. నాలుగే పాయింట్లు.

అసలు చిక్కు హ్యాండిల్ ఎంత పొడుగు లాగాలన్నది. నిండు గుండ్రానికి వ్యాసార్థంలో సుమారు 55 శాతం, అంటే సగానికి కాస్త పైన. మిగతా వంపులకి, ఈ పాయింట్ నుంచి ఆ పాయింట్‌కి వెళ్లే గీత పొడవులో మూడో వంతు అని గుర్తు పెట్టుకో, స్కేలు అక్కర్లేదు, కంటి అంచనా చాలు. మరీ పొట్టిగా వదిలేస్తే పాయింట్ దగ్గర ములుకు తేలుతుంది, మరీ లాగేస్తే వంపు ఉబ్బి మెలిక పడుతుంది. పాయింటే తప్పుచోట పడితే, హ్యాండిల్ లాగుతున్నప్పుడే స్పేస్ బార్ నొక్కి పట్టుకో, పాయింట్ నీ వెంట జరుగుతుంది. గీసేశాక సర్దాలంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని కదుపు. ఈ రెండూ తెలిస్తే డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టే పని చాలావరకు తప్పుతుంది.

సున్నా వచ్చాక ర గియ్యి. గుండ్రం వచ్చేస్తుంది, తలకట్టు దగ్గర ఆగిపోతావు, ఎందుకంటే అక్కడ గీత కిందికి దిగి చటుక్కున పైకి తిరుగుతుంది, హ్యాండిల్స్ రెండూ ఒకే వరసలో ఉంటే ఆ మొన గుండ్రంగా పోతుంది. ఆ పాయింట్ మీద ఆల్ట్ పట్టుకుని కొత్త దిక్కుకి లాగు, ముందుకెళ్లే హ్యాండిల్ ఒక్కటే విడిపోతుంది. తర్వాత గీత తిన్నగా పోవాలంటే లాగకుండా ఆల్ట్‌తో క్లిక్ చేస్తే ఆ హ్యాండిల్ పోతుంది. చీర కుచ్చిళ్లు, జాకెట్ చేతి అంచు, చెవి కింద మలుపు, అన్నిచోట్లా పనికొచ్చేది ఇదే.

ఈ పాయింట్లు, హ్యాండిల్స్‌తో వంపు గీసే లెక్క పుట్టింది కార్ల బాడీల కోసం. 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో కనిపెడితే కంపెనీ గుట్టుగా దాచుకుంది, 1960ల్లో రెనోలో పియర్ బెజియే బయటపెట్టాడు, అందుకే ఈ వంపులకి బెజియే కర్వ్స్ అని ఆయన పేరే వచ్చింది. 1987లో ఇలస్ట్రేటర్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తో మనలాంటివాళ్ల చేతికొచ్చింది. బానెట్ మీద గతుకు ఉంటే కారు ఎవరు కొంటారు చెప్పు? రేడియం కటింగ్‌కి ఫైల్ ఇచ్చినప్పుడూ అంతే, అనవసరపు పాయింట్లు ఎక్కువైతే కట్టర్ ఆగి ఆగి కదిలి అక్షరం అంచు చెడగొడుతుంది.

ఫోటోకి తిరిగొచ్చాక 200 శాతం జూమ్‌లో పని చెయ్యి, పాత్‌ని అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి నడిపించు, లేకపోతే వెనక స్టేజీ రంగు సన్నటి గీతలా చుట్టూ మిగులుతుంది. జుట్టు జోలికి పెన్‌తో వెళ్లకు, దానికి సెలెక్ట్ అండ్ మాస్క్ ఉంది. పూలజడలో ఒక్కో రేకూ గీయడం కూడా వృథా, పైపై ఆకారం పట్టుకుంటే చాలు. మూసిన వెంటనే పాత్స్ ప్యానెల్‌లో వర్క్ పాత్ మీద డబుల్ క్లిక్ చేసి పేరు పెట్టు. వర్క్ పాత్ తాత్కాలికం, మర్చిపోయి కొత్తది మొదలుపెట్టావంటే పాతది ఎగిరిపోవచ్చు. సెలెక్షన్‌కి కంట్రోల్ ఎంటర్, ఫెదర్ (అంచుని మెత్తబరిచేది) అర పిక్సెల్.

ర తర్వాత ఠ, ణ గీసి పంపు, స్క్రీన్‌షాట్ వద్దు, పాత్ సేవ్ చేసిన పీఎస్‌డీనే పంపు. పెళ్లికూతురి ఫైల్ అంతకుముందే ఇచ్చెయ్యాల్సి వస్తే, చేయికీ వడ్డాణానికీ మధ్య సందులో బ్యాక్‌గ్రౌండ్ ముక్క ఒకటి అలాగే ఉండిపోయింది. పాత్ ఆపరేషన్స్‌లో ఎక్స్‌క్లూడ్ ఓవర్‌ల్యాపింగ్ షేప్స్ పెట్టి ఆ సందు కూడా గీస్తే పోతుంది.

ఇట్లు,
అత్త