అడ్వాన్స్ కట్టడానికి అంత తొందరేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కంప్యూటర్ తనంతట తానే ఆట నేర్చుకునే వీడియోలు చూసి, రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ చదువుతానంటోంది. దానికి బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ అయినా పర్లేదట. నాకు బీటెక్‌లో సీఎస్ఈ ఏఐఎంఎల్ (ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషీన్ లెర్నింగ్) మంచిదనిపిస్తోంది. ఒక కాలేజీ వాళ్లు బీ-కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటుకు ఈ వారంలో అడ్వాన్స్ కట్టమంటున్నారు. రెండింటిలో ఏది మేలు? ఒక్కసారి తప్పటడుగు పడితే మళ్లీ దిద్దుకోలేం కదా!
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉందండీ. ఏటా సంక్రాంతి దాటగానే నాకు ఇదే వాక్యం వస్తుంది. బ్రాంచి పేరు మాత్రం మారుతుంటుంది.

తమాషా ఏమిటంటే, మీ అమ్మాయి చదువుతానంటున్న సబ్జెక్టు పుట్టిందే ఈ భయంలోంచి. ముందేం జరుగుతుందో తెలియదు. అయినా ఇవాళ ఒక అడుగు వేయాలి, ఏమైందో చూసుకుని రేపు ఇంకో అడుగు వేయాలి. ఇలాంటి నిర్ణయాల వరుసను లెక్కలోకి ఎలా దించాలో 1950లలో రిచర్డ్ బెల్‌మన్ అనే అమెరికా గణితవేత్త చూపించాడు. ఒక అడుగు విలువ కట్టేటప్పుడు అప్పటికప్పుడు చేతికొచ్చేది ఒక్కటే చూస్తే చాలదు, ఆ అడుగు వేశాక ఎక్కడ తేలతామో, అక్కణ్నుంచి ఇంకా ఏయే దారులు మిగులుతాయో అదీ కలపాలి అన్నాడు. దాన్ని యంత్రం అనుభవంతో నేర్చుకునేలా మలిచిన ఆండ్రూ బార్టో, రిచర్డ్ సటన్‌లకు కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదనే ట్యూరింగ్ అవార్డు 2024కి వచ్చింది. ఆ బార్టో శిష్యుడే మద్రాస్ ఐఐటీలో ఉన్న బలరామన్ రవీంద్రన్. ఆయన పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. అమ్మాయికి చెప్పండి, పరీక్షలయ్యాక చూస్తుంది.

ఇప్పుడు మీ అడ్వాన్స్‌ను బెల్‌మన్ లెక్కలో పెట్టి చూద్దాం. ఎంట్రన్స్ ఇంకా రాయలేదు, ర్యాంకు తెలియదు. ఇంకో నాలుగు నెలలు ఆగితే అవన్నీ పైసా ఖర్చు లేకుండా తెలుస్తాయి. అవి తెలియకముందే లక్షలు పోసి మిగతా తలుపులన్నీ మూసేస్తానంటున్నారు. కోపం తెచ్చుకోకండి, ఈ తొందర అమ్మాయి కోసం కాదు, మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం కోసం. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే ఫిబ్రవరిలో కట్టేశారు. తీరా వాళ్లబ్బాయికి అదే కాలేజీలో అదే బ్రాంచి, ర్యాంకును బట్టి సీట్లిచ్చే కన్వీనర్ కోటాలో వచ్చింది. ఆ డబ్బు కోసం ఏడాదంతా తిరిగితే వచ్చింది సగమే.

కౌన్సెలింగ్‌లో కాలేజీలను ఇష్టమైన వరుసలో పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గరా ఇదే జబ్బు. కిందటేడు నా ఎదురుగానే ఒక తండ్రి తన కూతురు మొదట పెట్టుకున్న కాలేజీని ఏడో నంబరుకు దించేశారు. "ఎలాగూ రాదు సార్, ఫస్ట్ ఆప్షన్ ఎందుకు వేస్ట్ చేయడం" అని. అక్కడ వేస్ట్ అయ్యేదేమీ లేదు. ర్యాంకు వరుసలో పిల్ల వంతు రాగానే, రిజర్వేషన్ లెక్కల ప్రకారం తన లిస్టులో పైనుంచి ఏ సీటు ఖాళీగా ఉంటే అది ఇస్తారు. మొదటిది రాకపోతే రెండోదానికి వచ్చే అవకాశం వెంట్రుకవాసి కూడా తగ్గదు. కోరికను కిందికి దించితేనే నష్టం. జాగ్రత్తపడాల్సింది తర్వాతి విడతలో. అప్పుడు చేతిలో ఉన్న సీటుకన్నా నచ్చినవే పెట్టాలి, ఎందుకంటే కొత్తది రాగానే పాతది పోతుంది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లోనైతే చేతిలోది చాలంటే ఫ్రీజ్, ఇంకా పైది వస్తే మారతామంటే ఫ్లోట్, అదే కాలేజీలో పై బ్రాంచికే మారతామంటే స్లైడ్ అని దానికి పేర్లే పెట్టారు.

యంత్రానికీ మనకూ ఒక తేడా ఉంది, అది ఒప్పుకుంటాను. 2017లో ఆల్ఫాగో జీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్, చదరంగంలా బోర్డు మీద ఆడే గో ఆటను తనతో తానే దాదాపు 49 లక్షల సార్లు ఆడుకుని మూడు రోజుల్లో నేర్చేసుకుంది. ఎన్నిసార్లు ఓడినా దానికి పోయేదేమీ లేదు. మీ అమ్మాయికి పదిహేడేళ్ల వయసు ఒక్కసారే వస్తుంది. అయితే గో బోర్డు మీద వెనక్కి తీసుకోలేని ఎత్తులు జీవితంలో చాలావరకు తీసుకోవచ్చు. స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, యుద్ధకాలంలో సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో చేరారు. స్టాటిస్టిక్స్‌లో ఆయన ఎక్కిన ఎత్తు మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక మీరడిగిన పోలిక. ఏఐఎంఎల్ అనే బోర్డు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నేను చూసిన సిలబస్‌లలో మొదటి రెండేళ్లూ ఇంచుమించు మామూలు సీఎస్ఈనే. మీ అమ్మాయి అడిగే సబ్జెక్టు మూడో ఏడో నాలుగో ఏడో ఎలక్టివ్‌గా వస్తుంది, అదీ చెప్పే సార్ ఉంటే. ఒక కాలేజీ ప్రతినిధిని "ఇది ఎవరు చెప్తారు?" అని అడిగితే ప్లేస్‌మెంట్ బ్రోచర్ చేతిలో పెట్టాడు! ఈ సబ్జెక్టుకు వెన్నెముక ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా. పైగా దీని మీదే నడిచే ఉద్యోగాలు ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీ చేసినవాళ్లకే. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో సీఎస్ఈ వస్తే చేర్పించండి, ఏఐఎంఎల్ తోక ఉన్నా లేకపోయినా. రాకపోతే స్టాటిస్టిక్స్ డిగ్రీ చిన్నచూపు చూడాల్సిందేమీ కాదు. డిగ్రీ అయ్యాక ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ ఉంది, సి.ఆర్.రావు గారు చేరిన ఆ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) పీజీ ఎంస్టాట్ ఉంది, 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా పెట్టారు. ఐఎస్ఐలో డిగ్రీ అయిన బీస్టాట్ ఎంట్రన్స్ మాత్రం ఇప్పుడే రాయించండి. దరఖాస్తు ఖర్చు మీ అడ్వాన్స్‌లో ఒక మూలకు కూడా రాదు.

కాలేజీ వాళ్లకు ఫోన్ చేసి, ర్యాంకులు వచ్చాక మాట్లాడతామని చెప్పండి. గడువు దాటితే సీటు పోతుందంటారు. పోనివ్వండి. జూన్‌లో వాళ్లే ఫోన్ చేస్తారు.