వేడెక్కితే ఆగిపోయే రంపం మిషన్

ప్రశ్న: మా నాన్న కొన్న పాత పెట్రోల్ రంపం మిషన్‌ని జామాయిల్ తోటలో వాడుతున్నాను. పొద్దున రెండు లాగులకే స్టార్ట్ అవుతుంది, పావుగంట కోశాక టక్కున ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంత లాగినా ఉలకదు పలకదు. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. మెకానిక్ కార్బురేటర్ మార్చాలంటున్నాడు. మార్చమంటారా?
– ఓ రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: అప్పుడే వద్దు. చల్లగా ఉన్నప్పుడు నడిచి వేడెక్కాక ఆగుతోందంటే నా అనుమానం ప్లగ్‌కి స్పార్క్ కరెంటు పంపే కాయిల్ మీదే. లోపల చుట్టిన సన్నటి రాగి తీగ ఎక్కడో చిట్లి ఉంటే వేడికి ఆ చోట విడిపోయి స్పార్క్ పోతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది, అందుకే షాపుకి తీసుకెళ్లేసరికి మిషన్ బుద్ధిగా స్టార్ట్ అయి మన పరువు తీస్తుంది. కాబట్టి ఆగిపోయిన ఆ నిమిషంలోనే, తోటలోనే చూడాలి.

ముందు పెట్రోల్ మూత వదులు చేసి స్టార్టర్ తాడు లాగండి. మూతలో గాలి దారి మూసుకుపోయినా అచ్చం ఇలాగే ఆగుతుంది. అది కాకపోతే మూత బిగించి, ఒలికిన పెట్రోల్ తుడిచేసి, ప్లగ్ విప్పండి. మంచి ప్లగ్ ఇంకొకటి క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగాన్ని సిలిండర్ రెక్కలకు ఆనించి తాడు లాగండి. ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. స్పార్క్ గట్టిగా, నీలంగా వస్తే పాత ప్లగ్గే పోయి ఉండొచ్చు, కొత్తది బిగించినా ఆగుతుంటే అప్పుడు కార్బురేటర్ సంగతి చూడొచ్చు.

స్పార్క్ రాలేదా? కాయిల్ కొనడానికి పరిగెత్తకండి. స్టాప్ స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకి మళ్లీ తాడు లాగి చూడండి. పాత మిషన్లలో ఈ వైరు తొడుగు అరిగి బాడీకి తగులుతుంటుంది, అంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నట్టే. చాలామంది కొత్త కాయిల్ వేశాక గానీ దీన్ని చూడరు. (వైరు పీకి ఇంజిన్ నడిపితే స్విచ్‌తో ఆగదు, చోక్ లాగి ఆపాలి.)

అప్పటికీ రాకపోతే కాయిలే. మరీ పాత మోడల్ అయితే ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతాల చక్రం) కింద స్పార్క్ కోసం కాయిల్‌తో కలిసి పనిచేసే పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి, వేడికి కండెన్సర్ కూడా ఇలాగే మొరాయిస్తుంది. కొత్త కాయిల్ బిగించే ముందు ఫ్లైవీల్ అయస్కాంతాల మీద తుప్పును సన్నటి ఎమెరీ పేపర్‌తో గీకి, కాయిల్‌కీ వాటికీ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంచండి, విజిటింగ్ కార్డు దూర్చి బిగిస్తే సరిపోతుంది. కొనడానికి వెళ్లేటప్పుడు పాత కాయిల్ వెంట తీసుకెళ్లండి, స్క్రూ రంధ్రాల దూరం తేడా వస్తే అది బిగియదు.