టాలీ కోర్సు ఒక్కటి కూడా అమ్ముడుపోవట్లేదా? ముందు 21వ తేదీన షాపులకు వెళ్లండి

హన్మకొండలో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వీడియో కోర్సు పెట్టాను, యాడ్స్ ఇచ్చినా ఎవరూ కొనట్లేదు అని అడిగారు కదా. లోపం మీ వీడియోల్లో లేదు, యాడ్స్‌లోనూ లేదు. ఎవరు కొంటారో తేలకముందే టాలీ, జీఎస్‌టీ మీద 40 వీడియోలు రికార్డు చేసి రూ.2,999 ధర పెట్టారు. హన్మకొండలో ఏ గల్లీ చూసినా కోచింగ్ బోర్డే. ముఖం తెలియని మనిషికి అంత ఎవరు కడతారు?

1. వీడియోలు పక్కన పెట్టండి. తీసేయకండి, తర్వాత పనికొస్తాయి.

2. అందరూ వదిలేసేది ఇదే: అమ్మే ముందు అడగడం. వరంగల్ చౌరస్తా చుట్టూ ఉన్న బట్టల, హార్డ్‌వేర్ షాపుల్లో లెక్కలు రాసే పది మందితో కూర్చోండి. కోర్సు మాట ఎత్తొద్దు. "ఈ నెల జీఎస్‌టీ రిటర్న్ వేసేటప్పుడు ఎక్కడ ఆగిపోయారు?" అని అడగండి. వాళ్ల మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి, మీ ప్రకటనలో అవే పెట్టాలి. నెలనెలా వేసేవాళ్లకు మామూలుగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు 20. ఆ లోపు వెళ్తే మీ ముఖం చూసే తీరిక కూడా ఉండదు. 21న వెళ్లండి, పడ్డ తిప్పలు ఇంకా గుర్తుంటాయి. చాయ్ ఖర్చు మీదే.

3. ఎక్కువ మంది చెప్పిన ఒక్క సమస్య మీద నాలుగు రోజుల లైవ్ బ్యాచ్, రూ.499. ఫీజు ముందే తీసుకోండి. "బాగుందన్నా, చేరుతా" అనేది లెక్కలోకి రాదు, డబ్బు పడితేనే లెక్క. ఐదుగురైనా కట్టకపోతే టాపిక్ మార్చండి.

4. బ్యాచ్ కబురు పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే మెసేజ్) మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. చాయ్ దగ్గరే సేవ్ చేయించండి.