గాలివాటం తెలియని అధికారులు

సందేహం: ‘గాలివాటం తెలుసుకోలేక బదిలీ అయిన అధికారులు’ అని మొన్న ఒక పత్రికలో చదివాను. మా దగ్గర ‘వాడు ఒట్టి గాలివాటం మనిషి’ అంటే నిలకడ లేనివాడని తిట్టినట్టే. తిట్టుకు వాడే మాటను తెలివికి వాడొచ్చా? ‘ప్రజల నాడి తెలియని’ అంటే పోదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: వాడొచ్చు. అయితే గాలివాటమూ నాడీ ఒకటి కావు.

వాటం అంటే ఒక పక్కకు ఒరిగే తీరు. వాన నీళ్లు నిలవకుండా మన మట్టి మిద్దెలకు వాటం పెట్టేవాళ్లు. ఎడమచేతి వాటం ఉండనే ఉంది. ఇక చేతివాటం సంగతి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు నేను చెప్పాలా! గాలివాటం అంటే గాలి పోయే దిక్కు, అంతే. అందులో తిట్టూ లేదు, మెప్పూ లేదు.

మాది అనంతపురం పక్క పల్లె. కళ్లంలో కొర్రలు తూర్పారబట్టే రోజు మా నాయన పీట ఎక్కి, చేట అందుకోకముందే పిడికెడు పొట్టు పైనుంచి వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసి దిగి, పీట జరుపుకొని మళ్లీ ఎక్కేవాడు. ఒకసారి ఆయన చెప్పినా వినకుండా నేను ఎదురుగా నిలబడితే కళ్లనిండా నుసి. గాలిని చూసి పీట జరుపుకొన్నవాడు గాలివాటం తెలిసినవాడు. ఆ పొట్టులాగా గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయేవాడు గాలివాటం మనిషి. మీరు చెప్పిన తిట్టు వీడికే.

నాడి అలా కాదు. నాడి పట్టేది రోగి కోసం; గాలివాటం చూసేది మన పీట కోసం. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో దీక్షకు కూర్చుంటే ఢిల్లీ పెద్దలు పెద్దగా పట్టించుకోలేదు. డిసెంబరు 15న ఆయన చనిపోయారు. ఊళ్లు భగ్గుమన్నాయి. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 1953 అక్టోబరు 1న, మీ ఊరే రాజధాని. కట్టడాలు చాలక డేరాల్లో ఆఫీసులు నడిచాయి. అక్కడ ‘జనం నాడి అందలేదు’ అనాలి. గాలివాటం అంటే ఆ మాట పలచనైపోతుంది.

మీరు చదివిన వార్త సంగతికొస్తే, పాత ప్రభుత్వమే మళ్లీ వస్తుందని ధీమాగా ఫైళ్లు కదిపి, ఫలితాలొచ్చాక సామాను సర్దుకున్నవాళ్ల గురించైతే గాలివాటమే సరైన మాట. ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్లను చూసి కూడా, ‘ఎవరో ఎగదోశారు’ అని పైకి రిపోర్టు రాసిన అధికారి గురించైతే నాడి అనాలి.

అన్నట్టు, ఈమధ్య ‘నాడిని పట్టుకోలేకపోయారు’ అని రాస్తున్నారు. దొంగను పట్టుకుంటాం. నాడి పడతాం. ‘నాడి పట్టలేకపోయారు’ చాలు.