అంగడి బోర్డు: మీ ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గరలోని ఒక అడ్డవీధిలో నలభై మంది కూర్చునే టిఫిన్ హోటలు తెరవబోతున్నాము. పెద్ద రోడ్డు మలుపు నుంచి మా హోటలుకు సుమారు 80 అడుగుల దూరం. ముఖద్వారం పడమర వైపు ఉంది. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) నమోదు చేసుకున్నాము. బోర్డులు చేసే ఆయన ముందు గోడ పొడవునా ఏసీపీ షీటు (అల్యూమినియం పూత ఉన్న పలక) వేసి వెలిగే అక్షరాలు బిగిస్తానని, దానికి తోడు పెద్ద ఫ్లెక్సీ కూడా కడతానని అంటున్నారు. మా దగ్గర అంత డబ్బు లేదు. ఏది ముఖ్యమో, ఏది మానుకోవచ్చో తెలియజేయగలరు.
— ఒక సోదరి, అనంతపురం

జవాబు: అమ్మా, బయానా ఇచ్చే ముందు ఒకసారి ఆ మలుపు దగ్గరికి వెళ్లి నిలబడి మీ హోటలు వైపు చూడండి. గోడకు ఆనించి బిగించే బోర్డు ఎంత పెద్దదైనా, వీధి వెంట నడిచి వచ్చేవారికి దాని అంచు మాత్రమే కనబడుతుంది. అక్షరాలు చదవాలంటే వారు మీ గుమ్మం ఎదుటికి రావలసిందే. అందువల్ల మీ వంటి అడ్డవీధి అంగళ్లకు గోడకు అడ్డంగా, రెండు వైపులా అక్షరాలతో వీధివైపు నిలిచే చిన్న బోర్డే అసలైన బోర్డని నా నిశ్చితాభిప్రాయం. డబ్బులో ఎక్కువ భాగం దానికే కేటాయించండి. అది వీధి మీదికి వస్తుంది కనుక, ఎంత ఎత్తున, ఎంత ముందుకు ఉండవచ్చో నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో ముందే అడిగి అనుమతి తీసుకోండి.

అక్షరాల ఎత్తుకు ఒక మోటు లెక్క ఉంది: ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం. మీ మలుపు 80 అడుగులు కనుక ఎనిమిది అంగుళాల అక్షరం కావాలి. అయితే ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సరిపోయినట్లు తెలుగుకు సరిపోదు. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. 'శ్రీ లక్ష్మీ' అని రాయాలంటే, రెండడుగుల బోర్డులో అసలు అక్షరానికి మిగిలే ఎత్తు దాదాపు సగమే. కాబట్టి ఎనిమిది అంగుళాలన్నది తలకట్టు, ఒత్తు కలుపుకొని కాక, నడిమి అక్షరానికే ఉండాలని ఖచ్చితంగా చెప్పండి. కంప్యూటరు తెర మీద నమూనా చూసి సరేననవద్దు. ఒక పదాన్ని అసలు కొలతతో కాగితం మీద అచ్చు వేయించి, గోడకు అంటించి, మలుపు నుంచి చదివి చూడండి.

అడ్డబోర్డు మీద హోటలు పేరు కంటే 'టిఫిన్' అన్న మాటే పెద్దదిగా ఉండాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటిపోతుంది. ఆ మనిషికి దొరికే రెండు మూడు సెకన్లలో రెండు మాటలకు మించి ఎక్కవు. మీ ఉగ్గాని బజ్జి బాగుంటుందన్న నమ్మకం మీకుంటే రెండో మాటగా దాన్నే రాయించండి. మన ఊళ్లో ఆ పేరు చదివి ఆగేవారికి కొదవ లేదు.

పడమటి ఎండ మీకు రెండో సమస్య. మన వేసవిలో సాయంత్రం దాకా ఎండ నేరుగా తగిలితే ఫ్లెక్సీ రంగు వెలిసి, గుడ్డ పెళుసుబారి, గాలివానలకు చిరుగుతుంది. పైగా ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2022లోనే ప్రకటించింది. దాన్ని పూర్తిగా మానుకోండి. ముందు గోడకు వెలిగే అక్షరాలు కూడా అక్కరలేదు. రేకు మీద మంచి పెయింటరు చేత రాయించి, పైనుంచి రెండు ఎల్‌ఈడీ దీపాలు వేస్తే చాలు. వెలిగేది అడ్డబోర్డు ఒక్కటే కానివ్వండి, దాని విద్యుత్ సరఫరా పెట్టె ఎండలో కాగిపోకుండా హోటలు లోపల పెట్టించండి. ఇనుప చట్రాన్ని పిట్టగోడకు కాక కాంక్రీటు దూలానికి బోల్టులతో బిగించాలి. వైశాఖ మాసపు ఈదురుగాలికి బోర్డు ఊడిపడితే కింద నడిచేవారి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ ఒక్క పనిలో బేరమాడకండి.

ఇక చట్టం కోరేవి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నియమాల ప్రకారం పేరు తెలుగులో ఉండాలి. వేరే భాష వాడితే అది తెలుగు కిందనే రావాలి. జీఎస్టీ నంబరు ప్రవేశద్వారం వద్ద పేరు బోర్డు మీద కనబడాలి, మీరు కాంపోజిషన్ పథకంలో ఉన్నారన్న మాట కూడా స్పష్టంగా ఉండాలి. ఆహార భద్రత లైసెన్సును అందరికీ కనబడేచోట ప్రదర్శించాలి. ద్వారం దగ్గర కనీసం 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్ల కొలతతో, తెల్లని నేపథ్యం మీద పొగ తాగరాదన్న బోర్డు పెట్టాలి. ఇవి తర్వాత అతికించే కాగితాలుగా మిగలకుండా, మొదటి నమూనాలోనే వాటికి చోటు వదిలించండి.

లోపల ధరల పట్టిక, చేతులు కడిగేచోటికి ఒక బాణం గుర్తు ఉంటే సరిపోతుంది.

ప్రశ్న: కడపలో న్యాయవాదిగా కార్యాలయం పెట్టుకున్నాను. పేరు పలకను కడప రాతి మీద చెక్కించాలని నా కోరిక. స్నేహితులేమో అక్రిలిక్ అక్షరాలే నయమంటున్నారు.
— ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ కోరికే సరైనది. న్యాయవాది పేరు పలక మితమైన కొలతలో ఉండాలని, వృత్తి సంఘాల పదవులను గానీ, ఫలానా రకం కేసులలో ప్రత్యేక నైపుణ్యాన్ని గానీ దాని మీద చెప్పుకోరాదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. పేరు, చదువు, వృత్తి మాత్రమే ఉండే చిన్న పలకకు మన నల్లని రాయి చక్కగా అమరుతుంది. అయితే బాగా మెరుగుపెట్టిన రాయి వెలుగును తిప్పికొట్టి అక్షరాలను కనబడనివ్వదు కనుక నున్నగా మాత్రమే చేయించి, అక్షరాలను లోతుగా చెక్కించి తెల్ల రంగు నింపించండి. కక్షిదారులు మెట్లెక్కే ముందే చదివేలా కంటి ఎత్తున బిగించండి. శుభ్రం చేసేవారిని యాసిడ్ మాత్రం వాడనివ్వకండి. అది సున్నపురాయి కనుక ఒక్కసారి తగిలినా మచ్చ పడుతుంది.