ఇరవై ముందు, ఒకటి తర్వాత

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది, రెండేళ్ళుగా కీబోర్డు నేర్చుకుంటోంది. మాస్టారు బీథోవెన్ సొనాటాలు మొదలుపెడదామని ఏకంగా 20వ నంబరు ఇచ్చారు. మొదటి పందొమ్మిదీ వదిలేస్తే ఎలాగని నాకు టెన్షన్‌గా ఉంది. పైగా మా ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు, పియానోకి 88 ఉంటాయంటున్నారు. ఇప్పుడే కొనాలా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: మాస్టారు ఏదీ వదిలెయ్యలేదమ్మా, మొదలుపెట్టాల్సిన చోటే మొదలుపెట్టారు. సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన, బీథోవెన్ పియానోకి రాసినవాటిలో లెక్కలోకి వచ్చేవి 32. ఆ నంబర్లు రాసిన వరస కాదు, సులువు నుంచి కష్టానికి వెళ్ళే వరసా కాదు, ఇంచుమించు అచ్చయిన వరస. 19, 20 నంబర్లు రెండూ 1790ల్లోనే రాసి పక్కన పడేసినవి. 1805లో గానీ అచ్చుకి వెళ్ళలేదు, అదీ బీథోవెన్ తమ్ముడు కాస్పర్ పూనుకోబట్టేనంటారు. ఈ లోపల మిగతావి ముందు వచ్చేశాయి, ఇవి వెనక్కి పోయాయి. అచ్చు వేసినప్పుడే వీటిని సులువు సొనాటాలని చెప్పారు, ఒక్కోదానికి రెండేసి భాగాలే. అలాగని తీసిపారేసే సరుకు కాదు. 20వ దాని రెండో భాగంలో వచ్చే మెనుయెట్ అనే నాట్యపు బాణీ బీథోవెన్‌కి ఎంత నచ్చిందంటే, 1800లో వినిపించిన ఏడు వాద్యాల సెప్టెట్‌లో మళ్ళీ దాన్నే వాడుకున్నాడు.

ఇక మెట్ల సంగతి. బీథోవెన్ ఈ తొలి సొనాటాలు రాసిన రోజుల్లో వియన్నా పియానోకి ఉన్నవి కూడా మామూలుగా 61 మెట్లే, అయిదు స్థాయిలు! తేడా ఒక్కటే, ఆ పియానో ఎఫ్ స్వరంతో మొదలయ్యేది, మీ కీబోర్డు సీ స్వరంతో మొదలవుతుంది. అంటే ఎడమ చివర ఏడు మెట్లు తక్కువ, కుడి చివర ఏడు ఎక్కువ. కింది స్వరం అందనిచోట ఒక స్థాయి పైన వాయించుకోమనండి, మాస్టారు కాదనరు. నేను మాత్రం మెట్ల లెక్క కన్నా ఒకటి ముఖ్యమంటాను. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతోందా లేదా చూడండి. మోగకపోతే అప్పుడు మార్చండి, ఎందుకంటే బీథోవెన్ ప్రాణమంతా అక్కడే ఉంది.

ప్రశ్న: వయొలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. బీథోవెన్ ఒకటో సొనాటా వింటే కీరవాణిలా అనిపించింది. నా చెవి పొరపాటా? ఆయన రాసిన మొదటి సొనాటా ఇదేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టిందండీ. అది ఎఫ్ మైనర్, అంటే ఎఫ్ ఆధారంగా నడిచే మైనర్ స్వరక్రమం. ఎఫ్‌ని షడ్జమం అనుకుని ఎత్తుగడ పాడి చూడండి: ప, స గ ప స గా, రిసని సా. మంద్ర పంచమం నుంచి తారస్థాయి గాంధారం దాకా ఒక్క ఊపులో నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి, అక్కడ చిన్న మెలిక తిరిగి ఆగుతుంది. కీరవాణిలో లాగే ఆ గాంధారం సాధారణం, ఆ నిషాదం కాకలి, అందుకే మీకు కీరవాణి తోచింది. రాగం మాత్రం కాదు, గమకం ఉండదు, కాసేపటికే షడ్జమం వేరేచోటికి జరిగిపోతుంది. ఎత్తుగడ మెల్లగా మొదలై ఏడో బారుకే (బారంటే మన ఆవర్తం లాంటిది) గట్టిగా విరుచుకుపడి వెంటనే తగ్గి నిలబడిపోతుంది. ఎనిమిది బార్లలో అంత కథ! నేను ఎన్నిసార్లు విన్నా ఆ ఆగిన చోట ఊపిరి బిగబడుతుంది.

మొదటిది మాత్రం ఇది కాదు. ఆయన 1770లో జర్మనీలోని బాన్‌లో పుట్టాడు, మన త్యాగయ్యగారి కన్నా మూడేళ్ళు చిన్న. నేఫే అనే గురువు దగ్గర నేర్చుకుంటూ పన్నెండేళ్ళకే మూడు సొనాటాలు రాస్తే 1783లో అచ్చయ్యాయి. అట్ట మీద వయసు పదకొండని వేశారు. వాటిని 32 సొనాటాల లెక్కలో కలపరు. మీరు విన్నది 1792లో వియన్నా చేరాక, అక్కడి దొరల ఇళ్ళలో పియానిస్టుగా గొప్ప పేరు తెచ్చుకున్నాక రాసింది. 1796లో ఆర్టారియా వాళ్ళు అచ్చువేసిన ఓపస్ 2 (ఓపస్ అంటే రచనలకిచ్చే నంబరు)లోని మూడిట్లో మొదటిది. అప్పటి సొనాటాలకి మామూలుగా మూడు భాగాలుంటే ఈ మూడిటికీ నాలుగేసి పెట్టాడు, సింఫనీకి పెట్టినట్టు. నంబరు ఒకటి కదా అని చిన్నపిల్లలకి ఇస్తే చేతులు నొప్పెట్టి మానేస్తారు. ఇందులో రెండో భాగం, ఆ నెమ్మదైన అడాజియో ఉందే, దాని పాట పద్నాలుగేళ్ళప్పుడు బాన్‌లో రాసుకున్న పియానో క్వార్టెట్ (నాలుగు వాద్యాల రచన)లోది. కుర్రతనంలో కట్టిన వరసని పదేళ్ళు దాచుకుని, మహానగరంలో మొదటి సొనాటాల పుస్తకానికి బయటికి తీశాడు. ముందు ఆ భాగం ఒక్కటీ మీ వయొలిన్ మీద పలికించి చూడండి.

ప్రశ్న: హైడెన్‌కీ బీథోవెన్‌కీ పడేది కాదట, నిజమేనా?
– ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: వియన్నాలో బీథోవెన్ పాఠాలు చెప్పించుకున్నది హైడెన్ అనే పెద్ద స్వరకర్త దగ్గరే, ఆ పాఠాల దగ్గర అసంతృప్తి నిజమేనమ్మా. గురువుగారు తన అభ్యాసాలు సరిగ్గా దిద్దడంలేదని బీథోవెన్ షెంక్ అనే ఇంకొకరికి చాటుగా చూపించుకున్నాడు. హైడెన్ లండన్ వెళ్ళాక ఆల్‌బ్రెక్ట్స్‌బెర్గర్ అనే మరో గురువు దగ్గర చేరాడు. పుస్తకం మీద ‘హైడెన్ శిష్యుడు’ అని వేసుకోమంటే ఒప్పుకోలేదని బీథోవెన్ శిష్యుడు రీస్ రాశాడు. కానీ ఆ ఓపస్ 2 మూడు సొనాటాల్నీ 1795లో లిఖ్నోవ్‌స్కీ ప్రభువు ఇంట్లో హైడెన్ ఎదుటే వాయించాడు, అంకితమూ హైడెన్‌కే ఇచ్చాడు.